జన్యువును పలికించు జీవక్రియ: ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము



భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించి, రాజమహేంద్రవరమునను చెన్నపట్టణమునను విద్యాభ్యాసము గావించి, 1922లో బోస్టను నగరము చేరి, అది మొదలు ఇరువదియాఱేండ్లు పరిశోధనకే జీవితమును ధారవోసి, 1948 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రమున కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరిట మాటలాడుటకు పిలుపు వచ్చినప్పుడు, ఆ మహనీయుని చరిత్రను మరల ఏకరువు పెట్టుటకంటె, ఆయన చేతిమీదుగా వెలుగు చూచిన రసాయనములు ఆయన తదనంతరము ఏ దారిని నడచి ఎచ్చటికి చేరినవో విన్నవించుట ఉచితమని నాకు తోచినది. అవి చేరిన చోటు, ఆ కాలపు జీవరసాయనజ్ఞులు అంతగా దృష్టి నిలుపని చోటు. అనగా, కణకేంద్రకములోని జన్యువుల సన్నిధి. కణము తినుచున్న ఆహారము, దానిని అరిగించుకొను విధము, అట్లు అరిగించుకొనుటలో పుట్టు చిన్నచిన్న అణువులు, ఏ జన్యువు పలుకవలెనో ఏది మౌనము వహింపవలెనో నిర్ణయించుటలో పాలుపంచుకొనుచున్నవన్నదే నేను ఈనాడు మీకు నివేదింపబోవు విషయము.

మనము పాఠశాలలో నేర్చుకొన్న జీవశాస్త్రము ఈ సంబంధమును ఒక దిశలోనే చెప్పినది. జన్యువులో ఆదేశమున్నది, దానినిబట్టి ఆర్.ఎన్.ఏ. తయారగును, ఆర్.ఎన్.ఏ.నుబట్టి ప్రోటీను తయారగును. ప్రోటీనులలో పెక్కు ఎంజైములై చక్కెరలను విఱిచి, క్రొవ్వులను కూర్చి, శక్తిని సమకూర్చును. 1941లో బీడిల్, టేటమ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు రొట్టెబూజుమీద ప్రయోగములు చేసి ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క ఎంజైమునకు మూలమని చూపిన నాటినుండియు, 1958లో ఫ్రాన్సిస్ క్రిక్ జన్యుసమాచారము నడచు మార్గమును సూత్రీకరించిన నాటినుండియు, జన్యువు ఆజ్ఞాపించునదనియు జీవక్రియ ఆ యాజ్ఞను పాలించునదనియు నొక భావము విద్యార్థుల మనస్సులలో గట్టిగా నాటుకొనిపోయినది. ఆ భావములో సత్యమున్నది గాని, సగమే యున్నది. జన్యుశాస్త్రమున కొక భవనమును, జీవరసాయనమునకు వేఱొక భవనమును కట్టుకొని, ఒకరి పాఠములు ఒకరు వినకుండ చదివిన మన చదువులవలన రెండవ సగము చాలకాలము మఱుగున పడియుండెను.

మన శరీరములోని కాలేయకణమునందును, కంటిలోని కణమునందును, చర్మకణమునందును ఉన్న డి.ఎన్.ఏ. లిపి ఒక్కటే. ప్రోటీనులకు మూలమైన జన్యువులు ఇంచుమించు ఇరువదివేలు వాని యన్నిటను ఉన్నవి. అట్లుండియు కాలేయము కాలేయముగాను, కన్ను కన్నుగాను నిలిచియుండుటకు కారణమేమనగా, ఒక్కొక్క కణము ఆ యిరువదివేలలో తనకు వలసినవానినే చదివి తక్కినవానిని మూసియుంచుట. ఏ జన్యువును, ఎప్పుడు, ఎంతమేరకు చదువవలెనన్న నిర్ణయమునే జన్యు అభివ్యక్తి నియంత్రణమందురు. జీవక్రియ ప్రవేశించునది ఈ చోటనే. అది లిపిలోని అక్షరములను మార్పదు, పఠనమును మార్చును. కావున క్రిక్ సూత్రమునకు దీనివలన భంగమేమియు లేదు.

ఈ సంగతి మొట్టమొదట స్పష్టముగా కనబడినది మన ప్రేవులలో నివసించు ఈ.కోలై వంటి సూక్ష్మజీవులయందు. 1940వ సంవత్సరాంతమున, జర్మను సైన్యముల ఆక్రమణలోనున్న పారిసు నగరమున, సోర్బొన్ ప్రయోగశాలలో జాక్ మొనో అను యువకుడు సూక్ష్మజీవుల పెరుగుదలను కొలుచుచుండెను. పద్ధతి మిక్కిలి సామాన్యము. తేటగానున్న పోషకద్రవములో బాక్టీరియాను వేసి, రెండేసి చక్కెరలను కలిపి, అవి పెరిగినకొలది ద్రవమునకు పట్టు మసకను ఎప్పటికప్పుడు కొలిచి, గళ్ళకాగితముమీద చుక్కలుగా గుర్తించుటయే. గ్లూకోజుతో పాలచక్కెరయగు లాక్టోజును జోడించినపుడు ఆ గీత ఎట్లుండునో నేటి విద్యార్థులును స్వయముగా చూచుచున్నారు. గీత వడిగా పైకెక్కును, హఠాత్తుగా ఆగును, కొంతదూరము నేలబారుగా సాగును, మరల పైకెక్కును. ఆగినచోట గ్లూకోజు అయిపోయినది. మరల కదలినచోట లాక్టోజును తినుట మొదలైనది. నడుమనున్న ఆ నేలబారు గీతలో, చూపునకేమియు జరుగనట్లున్న ఆ కొద్దిపాటి వ్యవధిలో, సూక్ష్మజీవులు అంతవఱకు మూసియుంచిన జన్యువులను తెఱచి, లాక్టోజును విఱుచు ఎంజైమును క్రొత్తగా తయారుచేసికొనుచున్నవి. మొనో తన గీతను తీసికొనిపోయి ఆంద్రే ల్వోఫ్‌కు చూపగా, ఇది ఎంజైముల అనుసరణకు సంబంధించినదై యుండవచ్చునని ఆయన సూచించెను. అటువంటి విషయమొకటి కలదని మొనో వినుట అదియే మొదలు. ఆ సూచన వెంట నడచిన ఇరువదియేండ్ల పరిశ్రమకు ఫలముగా 1961లో ఫ్రాన్స్వా జాకోబ్, మొనో కలిసి జన్యునియంత్రణ సిద్ధాంతమును ప్రకటించిరి. 1965లో వారిరువురకును ల్వోఫ్‌కును నోబెల్ బహుమానము లభించెను.

ఆ సిద్ధాంతములో నేటి మన విషయమునకు ప్రాణమైన అంశములు రెండు కలవు. లాక్టోజు జన్యువుల ముంగిట ఒక నిరోధక ప్రోటీను అడ్డుగా కూర్చుండును. 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ దానిని వేఱుపఱచి చూపిరి. ఆ ప్రోటీనును తొలగించునది మఱియొక జన్యువు కాదు. లాక్టోజునుండి పుట్టిన అల్లోలాక్టోజు అను చిన్న చక్కెర. అది ఎట్లు పుట్టును? ఆ జన్యువునుండి ముందుగా లేశమాత్రముగా తయారై కణములో నున్న కొలదిపాటి ఎంజైమే దానిని పుట్టించును. అనగా జీవక్రియా ఫలమొకటి తన్ను పుట్టించిన ఎంజైముయొక్క జన్యువునే తెఱచుచున్నది; తెఱచిన తరువాత ఆ ఎంజైము వేయిరెట్లు వఱకు పెరుగును. ఇది మొదటి అంశము. ఇక రెండవది. గ్లూకోజు సమృద్ధిగా నున్నంతకాలము, లాక్టోజు ఎదుటనున్నను ఆ జన్యువులు పూర్తిగా తెఱచుకొనవు. గ్లూకోజు తఱిగినప్పుడు కణములో సైక్లిక్ ఏ.ఎం.పి. అను అణువు పెరిగి, వేఱొక ప్రోటీనుతో జతగూడి, డి.ఎన్.ఏ.ను పట్టుకొని పఠనమును ప్రోత్సహించును. భాండారములోని సరకును చూచుకొని ఆ పూట వంటను నిర్ణయించు ఇల్లాలివలె, కణము తన లోపలి నిల్వలను చూచుకొని జన్యువులను పలికించుచున్నది.

ఇందు సైక్లిక్ ఏ.ఎం.పి.కి ముడిపదార్థము ఏ.టి.పి. ఆ పేరు వినబడినతోడనే మనము సుబ్బారావుగారి యొద్దకు రాక తప్పదు.

హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఫాస్ఫరసు కొలత పద్ధతిని గూర్చి కొంచెము వివరముగా చెప్పుటకు అనుమతింపుడు. రక్తమునో కండరరసమునో ఆమ్లముతో కలిపి, ప్రోటీనులను పేరుకొనజేసి, వడగట్టి, ఆ తేటలో మోలిబ్డేటును, దాని తరువాత ఒక క్షయకరణ ద్రవ్యమును కలుపుదురు. ఫాస్ఫేటు ఉన్నకొలది ద్రవము నీలివర్ణము దాల్చును. ఆ నీలిమను తెలిసిన ప్రమాణముగల మఱియొక ద్రవముయొక్క నీలిమతో పోల్చి, ఎంత ఫాస్ఫేటున్నదో లెక్కగట్టుదురు. రక్తములో రంగు త్వరగా నిలుకడకు వచ్చినది. కండరరసములో మాత్రము రంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా హెచ్చుచు పోయినది. మఱియొకరైనచో దీనిని పద్ధతిలోని లోపమని త్రోసివైచి యుందురు. ఫిస్క్, సుబ్బారావులు ఆ ఆలస్యమునే పట్టుకొని, ఆమ్లములో మెల్లమెల్లగా విడిపోవుచు ఫాస్ఫేటును వెలువరించు పదార్థమొకటి కండరములో కలదని గుర్తించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకమునకు చూపిరి. 1929లో ఏ.టి.పి.ని వేఱుచేసిరి, జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా అదే సంవత్సరము దానిని కనుగొనెను. నీలిరంగు ఆలస్యముగా వచ్చుటను ఓపికతో గమనించిన ఆ చూపును, నాకు తెలిసినంతలో పరిశోధకునికి ఉండవలసిన మొదటి గుణముగా ఎంచుచున్నాను.

ఏ.టి.పి. కణమునకు శక్తినిచ్చునదని ప్రతి విద్యార్థియు ఎఱుగును. జన్యుపఠనములో దాని స్థానము అంతగా ప్రసిద్ధము గాదు. ఆర్.ఎన్.ఏ.ను కూర్చు నాలుగు అక్షరములలో ఒకదానికి ఏ.టి.పి.యే సాక్షాత్తుగా ముడిసరకు. డి.ఎన్.ఏ.ను చుట్టియున్న ప్రోటీనులను ప్రక్కకు జరిపి చదువుటకు చోటు కల్పించు యంత్రాంగములు ఏ.టి.పి.ని వ్యయించియే పని చేయును. అదియుగాక, ఏ.టి.పి. తఱిగి ఏ.ఎం.పి. హెచ్చినప్పుడు, ఏ.ఎం.పి.కె. అను ఎంజైము ఆ మార్పును పసిగట్టి, క్రొవ్వులను కూర్చు జన్యువులను తగ్గించుటకును, మైటోకాండ్రియాలను పెంచు జన్యువులను హెచ్చించుటకును వలసిన సంకేతములను కేంద్రకమునకు పంపును. వ్యాయామము చేసినవారి కండరములలో మైటోకాండ్రియాలు పెరుగుటకు ఇది యొక ముఖ్యమార్గము.

ఇక మనవంటి ఉన్నతజీవుల కణకేంద్రకములోనికి పోవుదము. ఒక్కొక్క కణములోని డి.ఎన్.ఏ.ను సాగదీసినచో ఇంచుమించు రెండు మీటర్ల పొడవుండును. అంత పొడవును కంటికి కనబడని కేంద్రకములో ఇముడ్చుటకై, అది హిస్టోనులు అను ప్రోటీనుల చుట్టును చుట్టుకొనియున్నది. ఎనిమిది హిస్టోనుల ముద్దచుట్టును సుమారు 147 అక్షరజంటల డి.ఎన్.ఏ. చుట్టియుండును. ఈ హిస్టోనులు డి.ఎన్.ఏ.ను బిగించి పెట్టు నిర్జీవపు ఉండలని పూర్వము తలచిరి. 1964లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రే, ఆయన సహచరులు హిస్టోనులకు ఎసిటైల్, మిథైల్ సమూహములు అంటుకొనుననియు, ఎసిటైల్ అంటుటకును ఆర్.ఎన్.ఏ. తయారగుటకును సంబంధమున్నదనియు ప్రకటించిరి. ఆ మాటకు తగిన ఆదరము లభించుటకు మూడు దశాబ్దములు పట్టినది. 1996లో డేవిడ్ ఆలిస్ బృందము, జన్యువులను పలికించునదిగా అదివఱకే పేరొందిన ఒక ప్రోటీనే హిస్టోనులకు ఎసిటైల్ నంటించు ఎంజైమని నిరూపించినపుడు గాని ఆల్‌ఫ్రే చెప్పినదాని విలువ లోకమునకు తెలియలేదు. హిస్టోను తోకలకు సహజముగా నున్న ధనావేశము ఎసిటైల్ అంటినచో తగ్గును, ఋణావేశముగల డి.ఎన్.ఏ.పై వాని పట్టు సడలును; పఠనమునకు దారి తెఱచుకొనును.

ఆ యెసిటైల్ ఎక్కడిది? నా ఉపన్యాసమంతయు ఈ చిన్న ప్రశ్నచుట్టును తిరుగుచున్నదన్నను తప్పులేదు. అది ఎసిటైల్ కోఎంజైము-ఏ నుండి వచ్చును. ఆ కోఎంజైమును కనుగొన్న ఫ్రిట్జ్ లిప్‌మన్, జీవక్రియాచక్రమును వివరించిన హాన్స్ క్రెబ్స్‌తో పాటు 1953లో నోబెల్ బహుమానమందెను. మనము తిన్న అన్నములోని పిండిపదార్థము గ్లూకోజై, గ్లూకోజు విఱిగి, మైటోకాండ్రియాలో ఎసిటైల్ కోఎంజైము-ఏ యగును. కాని అది మైటోకాండ్రియా పొరను దాటి బయటికి రాజాలదు. అందుచేత సిట్రేటుగా మాఱి పొర దాటి, కణద్రవములోను కేంద్రకములోను మరల విఱిగి ఎసిటైల్ కోఎంజైము-ఏ యగును. అట్లు విఱుచు ఎంజైమునకు ఏ.టి.పి. సిట్రేట్ లయేజు అని పేరు. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున క్రెయిగ్ థామ్సన్ ప్రయోగశాలలో క్యాథరిన్ వెలెన్, ఆమె సహచరులు ఆ ఎంజైమును కణములనుండి తొలగించి చూచిరి. హిస్టోనులపైని ఎసిటైల్ తఱిగిపోయినది. గ్లూకోజు కొఱవడినను తఱిగినది. కణములకు బయటినుండి ఎసిటేటు నందింపగా మరల వచ్చినది. అంతేగాక, ఈ యెసిటైల్‌మీద ఆధారపడి పలికిన జన్యువులలో గ్లూకోజును లోనికి తెచ్చుకొను, దానిని విఱుచు జన్యువులు కొన్ని యుండెను. మొనో బాక్టీరియాలో చూచిన మర్యాదయే మానవకణములోను వేఱొక రూపమున నడచుచున్నదని దీనివలన స్పష్టమైనది.

ఎసిటైల్ సంగతి ఇట్లుండగా, మిథైల్ సంగతి సుబ్బారావుగారికి మఱింత సన్నిహితమైనది. డి.ఎన్.ఏ.లోని సైటోసిన్ అక్షరమునకు మిథైల్ అంటినచో, సాధారణముగా ఆ చోటి జన్యువు మూతపడును. కణములోని మిథైల్ దానములన్నిటికిని ఇంచుమించుగా దాత ఒక్కటే: 1950ల ప్రారంభమున జూలియో కాంటోనీ కనుగొన్న ఎస్-అడెనొసిల్ మెథియొనిన్. మెథియొనిన్ అను అమినో ఆమ్లమును ఏ.టి.పి.తో కలిపి కణము దానిని చేసికొనును. దానమిచ్చిన పిమ్మట మిగిలిన హోమోసిస్టీన్‌ను మరల మెథియొనిన్‌గా మార్చుటకు, ఫోలిక్ ఆమ్లమునుండి వచ్చిన మిథైల్ కావలెను. విటమిన్ బి12 తోడు కావలెను. ఇక్కడ ఏ.టి.పి.యు, ఫోలిక్ ఆమ్లమును, అనగా సుబ్బారావుగారి తొలినాళ్ళ గొప్ప కృషియు మలినాళ్ళ గొప్ప కృషియు, ఒకే రసాయనచక్రములో వచ్చి కలిసినవి.

ఫోలిక్ ఆమ్లపు కథ మన దేశముననే మొదలైనది. బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలకు వచ్చు ఒక తీవ్రమైన రక్తహీనతను లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు పరిశీలించి, ఈస్టుసారము దానిని మాన్పునని 1931లో ప్రకటించెను. ఈస్టులో దాగిన ఆ పదార్థమేదో తేలుటకు మఱికొంతకాలము పట్టినది. 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరి పరిశోధనశాఖకు నాయకుడైన సుబ్బారావుగారి బృందము, కాలేయమునుండియు ఇతర మూలములనుండియు దానిని శుద్ధిచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసెను. ఆయన అన్నదమ్ములిరువురు స్వల్పవ్యవధిలో స్ప్రూ అను ప్రేగువ్యాధికి బలియైరి. ఫోలిక్ ఆమ్లము చేతికి వచ్చిన కొలదికాలములోనే స్ప్రూ రోగులకు అది గుణమిచ్చునని తేలినది. ఆ వార్త ఆయన హృదయమును ఎట్లు తాకియుండునో ఊహించుకొనుట మనకు కష్టము గాదు. ఫోలిక్ ఆమ్లముయొక్క రూపమును కొంచెము మార్చి ఆయన బృందమే తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనబడినదని 1948 జూన్‌లో ప్రకటించెను. రెండు మాసములకు సుబ్బారావుగారు దివంగతులైరి.

ఫోలిక్ ఆమ్లము జన్యువులను ఎట్లు పలికించునో, ఎట్లు మౌనమున నుంచునో కన్నులార చూపిన ప్రయోగము 2003లో జరిగినది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున రాండీ జిర్టిల్, రాబర్ట్ వాటర్లాండ్ ఒక జాతి చుంచెలుకలను తీసికొనిరి. వానిలో అగూటీ అను జన్యువునకు ముందు ఒక పరాయి డి.ఎన్.ఏ. ముక్క చొరబడియున్నది. ఆ ముక్కకు మిథైల్ అంటనిచో జన్యువు ఎడతెగక పలికి, ఎలుక పసుపుపచ్చని బొచ్చుతో పుట్టి, లావెక్కి, మధుమేహమునకును కంతులకును లోనగును. మిథైల్ అంటినచో జన్యువు అణగి, ఎలుక గోధుమవన్నెతో సన్నముగా పుట్టును. తల్లులకు గర్భధారణకు రెండువారముల ముందునుండి ఫోలిక్ ఆమ్లము, బి12, కోలిన్, బీటెయిన్ కలిపిన ఆహారము పెట్టగా, గోధుమవన్నె పిల్లల సంఖ్య హెచ్చినది. పసుపు ఎలుకకును గోధుమ ఎలుకకును డి.ఎన్.ఏ.లో ఒక్క అక్షరమైనను భేదము లేదు. భేదమంతయు తల్లి తిన్న తిండివలన ఆ ముక్కపై వ్రాలిన మిథైల్ గుర్తులలోనిదే. రెండు ఎలుకలను ప్రక్కప్రక్కన చూపు చిత్రములను మీలో పలువురు చూచియే యుందురు. చూడనివారు తప్పక చూడవలెనని కోరుచున్నాను.

మనుష్యులయందు ఇట్టి ప్రయోగము చేయరాదు; చరిత్రయే నిర్దయతో చేసినది. 1944-45 చలికాలమున, జర్మనుల దిగ్బంధమువలన హాలెండు పశ్చిమభాగమున ప్రజలు రోజునకు వేయి కేలరీలకు లోపడిన తిండితో బ్రతికిరి. ఆ కఱవునాళ్ళలో తల్లిగర్భమున పడినవారిని అఱువదియేండ్ల తరువాత, కఱవెఱుగని వారి తోబుట్టువులతో పోల్చిచూడగా, పెరుగుదలకు సంబంధించిన ఐ.జి.ఎఫ్.2 అను జన్యువుపై మిథైల్ గుర్తులు తక్కువగా నున్నవని లైడెన్ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి.

మిథైల్ వలెనే జన్యుపఠనమును నియమించు అణువు మఱియొకటి కలదు; దానికి పెల్లాగ్రా అను వ్యాధితో సంబంధము. నికోటినిక్ ఆమ్లమునుండి తయారగు ఎన్.ఏ.డి. లోపించినచో చర్మము మాడినట్లై పొరలూడును, విరేచనములు పట్టుకొనును, మతి చలించును. జొన్నయే ప్రధానాహారముగా గల దక్కనుపీఠభూమి కూలీజనములో ఈ వ్యాధి కనబడుటను, జొన్నలో హెచ్చుగానున్న లూసిన్‌కు దానితోగల సంబంధమును హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా పరిశీలించిరి. 2000 సంవత్సరమున లెనార్డ్ గ్వారెంటే బృందము, ఈస్టులో జన్యువులను మౌనమున నుంచు సర్-2 అను ఎంజైము ఎన్.ఏ.డి.ని వ్యయించియే హిస్టోనులనుండి ఎసిటైల్‌ను తీసివేయునని చూపెను. కణము ఉపవాసమున నున్నదో విందున నున్నదో ఎన్.ఏ.డి. హెచ్చుతగ్గులు కొంతవఱకు తెలుపును గావున, ఎసిటైల్ అంటుటయు తొలగుటయు రెండును జీవక్రియ అదుపులోనివే యగుచున్నవి.

ఈ మర్యాద చెడినచో ఏమగునో కాన్సరువైద్యము చూపినది. మిథైల్ గుర్తులను తుడుచు టెట్ ఎంజైములను 2009లో అంజనా రావు ప్రయోగశాల వెల్లడించెను. అవి పనిచేయుటకు క్రెబ్స్ చక్రములోని ఆల్ఫా-కీటోగ్లూటరేటు అవసరము. దానిని తయారుచేయు ఐ.డి.హెచ్. ఎంజైము జన్యువులో మెదడుకంతులయందు మార్పులున్నవని 2008లో తేలినది. జీవక్రియకు చెందిన ఎంజైమొకటి కాన్సరునకు కారణమగుట ఎట్లని అందఱును ఆశ్చర్యపడిరి. మఱుసటియేడు సమాధానము దొరకెను. మార్పుచెందిన ఎంజైము ఆల్ఫా-కీటోగ్లూటరేటునే 2-హైడ్రాక్సీగ్లూటరేటుగా మార్చివేయుచున్నది. ఆ పదార్థము టెట్ ఎంజైములకును, హిస్టోనులపైని మిథైల్‌ను తుడుచు ఎంజైములకును అడ్డుపడుచున్నది. తుడువబడని గుర్తులు పేరుకొని, కణము పరిణతి చెందుటకు వలసిన జన్యువులు మూతపడిపోవుచున్నవి. ఈ విపరీతపు ఎంజైమును ఆపు ఎనసిడెనిబ్ 2017లోను, ఐవోసిడెనిబ్ 2018లోను అమెరికాలో, ఇదే మార్పుగల రక్తకాన్సరునకు అనుమతి పొందెను. ఈ మందుల విశేషమేమనగా, అవి ప్రధానముగా కాన్సరుకణములను విషమువలె చంపుటకు మాఱుగా, ఆగిపోయిన పరిణతిని మరల సాగనిచ్చి, వానిని మామూలు రక్తకణములుగా ఎదుగజేయును. కణములోని ఒక చిన్న అణువు జన్యువులను ఎంతగా శాసింపగలదో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు కనబడలేదు.

ప్రేవులలో పీచుపదార్థమునుండి పుట్టు బ్యుటిరేటు హిస్టోనులనుండి ఎసిటైల్ తొలగించు ఎంజైములను అణచుననియు, లాక్టేటునుండి పుట్టిన సమూహమును హిస్టోనులకు అంటుకొనునని 2019లో షికాగోలో తేలినదనియు పేర్కొని, విస్తరభీతిచే వానిని దాటిపోవుచున్నాను.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట నా ధర్మము. ఈ పరిశోధనలను ఆసరాగొని, ఫలానా పొడిని సేవించినచో జన్యువులు మాఱుననియు, ఫలానా మాత్రవలన వార్ధక్యము తొలగుననియు ప్రకటనలు వెలువడుచున్నవి. వాని వెనుక శాస్త్రము లేదు. పదార్థము కణములో నుండుట వేఱు, అది జన్యువును నియమించుట వేఱు. ఒక ఎంజైమునకు సగము వేగముతో పనిచేయుటకు ఎంత పదార్థము కావలెనో, కణములో అది అంతకుమించి ఎల్లప్పుడును సమృద్ధిగా నున్నచో, కొంచెము హెచ్చినను తగ్గినను ఎంజైము పట్టించుకొనదు. ఎసిటైల్ నంటించు కొన్ని ఎంజైములకును, మిథైల్ నంటించు, తుడుచు కొన్ని ఎంజైములకును కణములోని పదార్థప్రమాణము ఆ హద్దునకు దగ్గఱగా నుండుటవలననే ఈ నియంత్రణము సాధ్యమైనది. కావున ఏ పదార్థము, ఏ కణములో, ఏ ప్రమాణమున అని కొలువక చెప్పిన మాట శాస్త్రము కానేరదు. పూనా నగరమున చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందము 2008లో ప్రకటించిన ఫలితము మనకు కనువిప్పు కావలెను: గర్భమందు బి12 తక్కువగాను ఫోలేటు ఎక్కువగాను ఉండిన తల్లుల పిల్లలు ఆఱేండ్ల వయస్సున ఇన్సులిన్‌కు లొంగని స్థితిని అందఱికంటె ఎక్కువగా చూపిరి. శాకాహారము హెచ్చుగాను, బి12 తక్కువగాను ఉన్న మన దేశమున, ఒక విటమినును మాత్రమే పెంచి రెండవదానిని మఱచుట క్షేమకరము గాదు.

ఈ సభలోని వైద్యవిద్యార్థులకు నాదొక విన్నపము. తల్లిగర్భమున శిశువుయొక్క వెన్నునాళము గర్భధారణ జరిగిన 28 దినములలోపుననే మూసికొనును. అనగా పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియకమునుపే. ఆ నాళము మూసికొనక పుట్టిన బిడ్డను ఇదివఱకు కన్న తల్లులకు గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లమిచ్చినచో అట్టి బిడ్డ మరల పుట్టు ప్రమాదము 72 శాతము తగ్గునని 1991లో ఆంగ్లవైద్యపరిశోధన మండలి నిరూపించెను. మన ప్రభుత్వ కార్యక్రమములోను, గర్భము దాల్చదలచిన స్త్రీలకు రోజునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఇయ్యవలెనను నియమము కలదు. కాని మన పల్లెలలో తొలిమాత్ర చేతికందునది సాధారణముగా గర్భిణిగా పేరు నమోదైన తరువాతనే. రేపు మీరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో కుర్చీలలో కూర్చున్నపుడు, క్రొత్తగా పెండ్లియైన ప్రతి యువతికిని ఈ విషయమును తెలుగులో, ఆమెకు బోధపడునట్లు, ఆమె అడుగకమునుపే చెప్పుడు. బి12 సంగతియు విచారింపుడు. ఆశా కార్యకర్తలకు నేర్పుడు. సుబ్బారావుగారు తయారుచేసి యిచ్చిన ఔషధము మన యింటికి వేళకు చేరునట్లు చేయుట ఇక మీ వంతు.